కంచంలో ఎడమ సగం

నాయన గురించి ఇదివరకు రాసినప్పుడు మా వదిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను. "నాయన మంచాన పడిన ఏడాదే వదిన మా మేనత్తతో పొసగక పుట్టింటికి వెళ్ళిపోయింది" అని రాశాను. చదివినవాళ్ళెవరూ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. ఆగకూడదనే అలా రాశాను. అది అబద్ధం. ఆమె వెళ్ళలేదు, మేము వెళ్ళగొట్టాం. ఆమె మీద వేసిన నేరం ఆమె చేయలేదని ఆ రోజు ఆ ఇంట్లో తెలిసినవాడిని నేనొక్కడినే. తెలిసీ నోరు విప్పలేదు. ఇప్పుడు రాయబోయేది చదివి ఎవరైనా నన్ను చీదరించుకుంటే అది న్యాయమే. ఆ పని నేను ఎప్పుడో మొదలుపెట్టాను.

ఇన్నేళ్ళకు నోరు తెరిపించింది ఒక స్టీలు ప్లేటు. పోయిన వేసవిలో మా బడిలో లెక్కలు చెప్పే మిత్రుడికి పక్షవాతం వస్తే చూడ్డానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం వేళ. ప్లేటు నిండా అన్నం, పప్పు, వంకాయ కూర. ఆయన కుడి పక్కనుంచి తింటూ వచ్చి, ఎవరో గీత గీసినట్టు నడిమధ్యలో ఆగి, ఇంకొంచెం పెట్టమన్నాడు. ఎడమ సగం అలాగే ఉంది. ఆయన భార్య నాతో కరెంటు కోత గురించి మాట్లాడుతూనే చెయ్యి చాచి ప్లేటును అర చుట్టు తిప్పింది. ఆయన మళ్ళీ తినసాగాడు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆమె, "ఆయనకు ఎడమ పక్కనేది తెలీకుండా పాయనన్నా. కండ్లు బాగానే ఉండాయంట, మెదడులో దెబ్బంట. మనమే తిప్పాల," అంది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. నేను లేచి బయటికి వచ్చి మురికి కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. ఎండదెబ్బ అనుకుని ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మా ఊరు పామిడికి నాలుగు మైళ్ళు. పెన్నలో నీళ్ళు కావాలంటే ఇసుక తవ్వుకోవాల్సిందే. మాది మట్టి మిద్దె. వీధి వాకిలి దాటగానే ఒక పక్క ఎద్దులు, ఒక పక్క మనుషులు. నడిమింట్లో స్తంభానికి వీపు ఆనించి కూర్చునే చోటు నాయనది. ఆ చోట ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆయన తలనూనె మరక, చుట్టపొగ వాసన ఆ స్తంభానికి పట్టి ఉండేవి. అక్కడ కూర్చుంటే ఎద్దులు ఎదురుగా కనిపిస్తాయి, వంటింటి గడప ఎడమ చేతి పక్క ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మా ఇళ్ళలో కోడలు మామకు ఎదురుగా నిలబడదు. కొంగు నెత్తిన వేసుకుని, గడప పక్కకు ఒదిగి, గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. వడ్డనకు కూడా ఒక పద్ధతి ఉండేది. సంగటి ముద్ద ఇంటి పెద్ద ఆడది కెలికి, తన చేత్తో కంచంలో కుడి పక్కన పెట్టాలి. ఊరిబిండి పచ్చడి, పులుసు, ఏ పూటకు ఏది ఉంటే అది, కోడలు గడప దగ్గర నుంచే చెయ్యి చాచి ఎడమ పక్కన వేసి వెనక్కి తగ్గాలి. ముద్ద అమ్మది, పులుసు వదినది. ఎవరు పెట్టారో చెప్పకుండానే కంచం చూస్తే తెలిసిపోయేది.

వదిన పేరు ఆదెమ్మ. మా ఊరికి చాలా దూరం, కదిరి దాటి తనకల్లు పక్క పల్లె. దగ్గర సంబంధాలు కుదరక అన్నకు ఆమెను తెచ్చారు. వచ్చి రెండేళ్ళయింది, అప్పటికి బిడ్డలు లేరు. నేను అనంతపురంలో బి.ఏ. చదువుతున్న రోజులవి. సెలవులకు వచ్చి ప్యాంటు విప్పి మడత నలక్కుండా దండెం మీద వేస్తుంటే, "జాగ్రత్తప్పా, ఇస్త్రీ నలిగితే అనంతపురం పొలిమేరలోనే ఆపేస్తారంట గదా," అనేది. నేను ఉడుక్కునేవాడిని. ఉడుక్కోవడం కూడా బాగానే ఉండేది.

ఇంట్లో అధికారం మా తిమ్మక్కత్తది. నాయనకు అక్క. చిన్నప్పుడే మొగుడు పోయి తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది. నస్యం పీల్చి, ముక్కు తుడుచుకున్న కొంగుతోనే బిడ్డల ముఖాలు తుడిచేది. అమ్మ ఆమె ముందు నోరెత్తేది కాదు. వదిన ఊరు ఎంత దూరమో అత్త అందరికీ చెప్పేది. "యా దిక్కు పిల్లో, వాళ్ళ తాతలెవురో ఈడ ఎవురికి తెలుసు?" అనేది. అది మొదట్లో వట్టి సాధింపు మాటే.

నాయన ఒక పొద్దున ఎద్దులకు చొప్ప వేస్తూ వాటి కాళ్ళ దగ్గరే పడిపోయాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి, మూతి వంకర పోయింది. నెల గడిచేసరికి కాలు కొంచెం కుదిరి, కర్ర ఊని ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేయగలిగాడు. కాలూ చెయ్యీ పోవడం మా పల్లెలకు కొత్త కాదు. నాయనకు వచ్చింది అంతటితో ఆగలేదు. ఆయన లోకంలోంచి ఎడమ పక్క పోయింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే కుడి సగమే తుడుచుకునేవాడు. కుడి కాలికే చెప్పు వేసుకుని బయల్దేరేవాడు. నడుస్తూ ఎడమ భుజం వాకిలి దర్వాజాకు కొట్టుకునేవాడు. భుజం కమిలి నల్లబడింది.

అసహ్యం వేసేది. సంగటి ముద్ద మింగానని ఆయన అనుకునేవాడు కానీ సగం ఎడమ బుగ్గలోనే నిలిచిపోయేది. సాయంకాలానికి అది పులిసి, ఆకూ వక్కా ఎరుపుతో కలిసి, మూతి ఎడమ మూల నుంచి తీగలాగా కారేది. ఆయనకు తెలిసేది కాదు. ఆ పక్క కంటి మూలన ఈగలు గుంపుగా కూర్చున్నా రెప్ప ఆర్పేవాడు కాదు. వాన రాని ఏడు అది. చెలమలో ఊరిన నీళ్ళు ఇంటికి రోజుకు రెండు బిందెలు. తాగాలి, ఎద్దులకు పెట్టాలి, సంగటి కెలకాలి. ఇక పెద్దాయన పంచె ఉతకడానికి నీళ్ళెక్కడివి. ఉచ్చ వాసన, ఆముదం వాసన, పులిసిన రాగి వాసన కలిసి ఆ నడిమిల్లు ముక్కు మూసుకుంటే తప్ప దాటలేనట్టు ఉండేది. నేను ఆయనకు కుడి పక్కనే నిలబడి మాట్లాడేవాడిని. ఎడమ పక్క చూడలేక.

పొంతన లేని మాటలు కూడా మాట్లాడేవాడు. ఒక రోజు తన ఎడమ చేతినే కుడి చేత్తో పట్టుకుని పైకెత్తి, "ఈ సెయ్యి ఎవురిదిరా నా మంచంలో? పీనుగు సెయ్యి మాదిరి సల్లగుండాది. తీసి అవతల పారేయండి," అన్నాడు. ఇంకో రోజు ఎద్దుల మధ్య కూర్చుని అన్నను పిలిచి నిలదీశాడు. కాడికి ఎడమ పక్క కట్టేదాన్ని మేము దాపటెద్దు అంటాం. "దాపటెద్దు యాడికి పాయరా? నేను పడుకోంగానే సంతలో అమ్మేస్తివా?" అని. ఆ ఎద్దు ఆయన ఎడమ భుజం నాకుతూ ఉంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆలస్యంగా ఒక వాన పడింది. పదును ఆరేలోగా గింజ వెయ్యకపోతే ఆ ఏడు అంతే. అన్న విత్తే గొర్రు వదిలి రాలేడు. అందుకని నాయనను బండిలో పామిడికి, అక్కడి నుంచి బస్సులో అనంతపురానికి తీసుకుపోవడం నా పాలిట పడింది. డాక్టరు ఉత్తరాది యాసలో తెలుగు మాట్లాడే నెమ్మది మనిషి. చాలాసేపు చూశాడు. ఎవరో ఇచ్చిపోయిన వేయించిన చెనక్కాయలు బల్ల మీద ఉంటే, గుప్పెడు తీసి పళ్ళెంలో పరిచి, అన్నీ ఏరి తన చేతిలో పెట్టమన్నాడు. నాయన కుడి పక్క కాయలన్నీ ఒక్కొక్కటిగా ఏరి పెట్టాడు. అయిపోయాయా అంటే అయిపోయినాయన్నాడు. డాక్టరు పళ్ళేన్ని తిప్పాడు. నాయన దాని వైపు చూసి, "మళ్ళా ఎప్పుడు పోస్తివి సామీ?" అన్నాడు.

డాక్టరు నన్ను బయటికి పిలిచి, సంగతి నాకు అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాడు. మెదడులో కుడి పక్క దెబ్బ తగిలింది. కళ్ళు పని చేస్తున్నాయి, చెవులు పని చేస్తున్నాయి. కానీ ఎడమ పక్కనేది ఒకటి ఉందన్న తలపే ఈయనకు రాదు. ఆ పక్క పెట్టింది ఈయనకు పెట్టనట్టే, ఆ పక్క నిలబడినవాళ్ళు లేనట్టే. ఎడమ నుంచి పిలిస్తే కుడికి తిరిగి పలుకుతాడు. కావాలని చేసేది కాదు, పిచ్చి అంతకన్నా కాదు. "ఇంట్లో అందరికీ చెప్పు బాబూ. కాలికీ చేతికీ నూనె రాయండి, కంచం తిప్పండి, బుగ్గ కడగండి. రోజూ ఎవరో ఒకరు ఎడమ పక్క కూర్చుని, పిలిచి, అటు తిప్పించాలి. ఆర్నెల్లు ఓపిక పడితే కొంత వస్తుంది. చదువుకున్నవాడివి, నువ్వే దగ్గరుండి చేస్తే మంచిది," అన్నాడు.

తిరుగు బస్సులో నాయన పక్కన కూర్చున్నాను. కుడి పక్కనే. ఆయన జొల్లు నా చొక్కాకు అంటకుండా కిటికీ వైపు ఆయన్ను కూర్చోబెట్టాను. దారి పొడవునా నాకు ఆ 'ఆర్నెల్లు' అన్న మాటే వినిపించింది. ఆ బుగ్గలోకి వేలు పెట్టి పులిసిన సంగటి తీయడం, ఆ ఈగలు తోలడం, ఆ ఉచ్చ చాపకు ఎడమ పక్కన ఆర్నెల్లు. పరీక్షలు పోతాయి, ఏడాది పోతుంది. డాక్టరు మాట ఇంట్లో చెబితే ఆ పని చేయాల్సినవాడు ఎవడో వాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. ఇంటికి రాగానే అత్త నస్యం డబ్బీ మూసి, ఏం చెప్పినాడని అడిగింది. పక్షవాతమే, నూనె రాయమన్నాడు, కాలం పడుతుందంట అన్నాను. చెప్పింది మూడు ముక్కలు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దాన్ని తలుచుకుని ఆ రోజు కొంచెం ధైర్యం కూడా చెప్పుకున్నాను.

నేను ఖాళీగా వదిలిన చోటును అత్త నింపింది. నాయన ముద్ద తింటున్నాడు, పులుసు ముట్టడం లేదు. పైగా వట్టి ముద్ద ఎట్లా దిగుతుందని అమ్మ మీద అరుస్తున్నాడు. పులుసు కంచంలోనే ఉంది, ఎడమ పక్క. వదిన గడప దగ్గర నుంచి "మామా, ఇంకొంచెం పోసేదా?" అంటే, ఆయన కుడి పక్కకు తిరిగి వట్టి గోడతో, "పోయమ్మా," అన్నాడు. అది చూసి అత్త ముఖం తెల్లబోయింది. నాలుగు రోజులు గమనించి తేల్చింది. పెట్టుడుమందు అంది. మొగుడు తన మాట వినాలని ఆడవాళ్ళు అన్నంలో కలిపి పెడతారని మా పక్క చెప్పుకునే మందు అది. అన్నకు పెట్టబోయింది, కంచాలు తారుమారై నాయన కడుపులో పడింది, ఇదీ ఆమె లెక్క. అన్న మొదట కసురుకున్నాడు. అత్త అతన్ని ఎద్దుల పక్కకు తీసుకుపోయి చెప్పిన మాట నాకు వినిపించింది. "వాని కడుపుకు తెలుసురా. మీ యమ్మ పెట్టిన ముద్ద తింటాండాడు, అది పెట్టింది ముట్టుకోడు. మందు పెట్టిన సెయ్యి ఏదో మనిషికి తెలీకున్నా కడుపుకు తెలుస్తాది." ఆ తర్వాత అన్న కూడా నాయన కంచాన్ని చూడ్డం మొదలుపెట్టాడు. రోజూ ఎడమ సగం మిగిలేది. రోజూ అది సాక్ష్యమయ్యేది.

ఇక్కడ రాయాల్సింది ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం అందరూ చేన్లో ఉన్నారు, అత్త అరుగు మీద కునుకు తీస్తోంది. నాయన ముద్ద తిని ఆగాడు. నేను వంగి కంచాన్ని తిప్పాను. గోంగూర పులుసు, ఊరిబిండి ఆయన కుడి పక్కకు వచ్చాయి. ఆయన ముఖం విప్పారింది. వేళ్ళు ముంచి, చప్పరించి, "బాగుండాదిరా. ఆదెమ్మ చేసిందేనా? ఇట్లాంటిది రోజూ ఎందుకు పెట్టరు?" అన్నాడు. ఆత్రంగా తింటున్నాడు. నెలన్నర ఆకలి అది. అంతలో అరుగు మీద అత్త దగ్గింది. చాప మీద నుంచి లేస్తున్న చప్పుడు. నేను కంచాన్ని మళ్ళీ తిప్పేశాను. నాయన వేళ్ళు గాలిలో ఆగిపోయాయి. కంచంలో వెతికి, "అయిపాయనా?" అన్నాడు. అత్త వచ్చి చూసింది. పులుసు ఎడమ పక్కన మిగిలి ఉంది. ఆమె తల ఊపింది. చూసినావా అన్నట్టు నా వైపు చూసింది. నేనూ తల ఊపాను.

ఆ కంచం నేనెందుకు తిప్పేశాను? అత్త అడిగితే చెప్పాలి, చెబితే ఉండిపోవాలి. పదిరోజుల్లో కాలేజీ తెరుస్తారు. ఇంతకు మించి కారణం లేదు. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను.

తర్వాత మందు కక్కించేవాణ్ణి పిలిపించారు. బళ్ళారి పక్క నుంచి వచ్చాడు, చంకలో సంచి, గోళ్ళ నిండా నల్లని మట్టి. పట్టపగలు నడిమింట్లో నాయనను కూర్చోబెట్టి, ఏదో ఆకు పసరు, బూడిద, ఆవు పంచితం కలిపి గిన్నెడు తాగించాడు. నాయన కక్కాడు. ముద్ద, పసరు, చివరికి పచ్చని పైత్యం. నేను ఎడమ పక్క నిలబడి భుజం పట్టుకున్నాను, ఆయన నిలవలేకపోతున్నాడని. వాడు పళ్ళెంలోని ఆ కక్కును పుల్లతో కెలికి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ ఒకటి తీసి అందరికీ చూపించాడు. ఆ ఉండ వాడి పంచె మడతలోంచి వేళ్ళ సందులోకి, వేళ్ళ సందులోంచి పళ్ళెంలోకి రావడం నేను చూశాను. అమ్మ ఏడ్చింది. అన్న వదినను జుట్టు పట్టుకుని రెండు దెబ్బలు కొట్టాడు. ఇల్లంతా ఆ వాసన. ఎండు నేల మీద పడిన కక్కుకు వీధి కుక్క వచ్చింది, దాన్నెవరూ తరమలేదు. నేను ఆ ఉండ గురించి కూడా ఏమీ అనలేదు.

మర్నాడు ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. వదినను వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోవాలని కబురు అప్పటికే వెళ్ళింది. ఇక మాట్లాడేది ఏమీ లేదు, ఊరికే ముగింపుకు కూర్చున్నారు. నాయన పొద్దుటి కంచం ఇంకా తీయలేదు. ఎడమ సగంలో పులుసు ఎండి అట్ట కట్టింది, దాని మీద ఈగలు. వదిన వంటింట్లోంచి వచ్చింది. గడప దగ్గర ఆగలేదు. కొంగు దించుకుని నేరుగా నడిచి వచ్చి, నాయనకు ఎదురుగా, ఆయన కుడి పక్కకు కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇది నేను పెట్టిందే గదా. నేనే తింటా. ఏమన్నా ఉంటే నాకే అయితాది," అంది.

ఆ ఎంగిలి, ఆ అట్ట, ఈగలు తోలి, వేళ్ళతో గీకి తినింది. మధ్యలో డోకు వచ్చింది. మింగింది. అప్పుడు నాయన ఆమెను చూశాడు. ఆయన ముఖం నిండా నవ్వు వచ్చింది, నవ్వులో సగమే కదిలింది.

"ఏమ్మా ఆదెమ్మా, మీ ఊరి నుంచి ఎప్పుడొస్తివి? ఇన్నాళ్ళూ నువ్వు లేక నాకు సరిగ్గా కూడు పెట్టేవాళ్ళు లేరు."

రెండు నెలలుగా ఆమె రోజూ ఆయన ఎడమ పక్క నిలబడి వడ్డిస్తోంది. పుట్టింట్లో ఉందనుకున్నాడు. ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో నా ఒక్కడికే తెలుసు. అత్త మాత్రం పెద్దమనుషుల వైపు తిరిగి, "సూడండి, కంటికి ఎదురుగా కూచోంగానే ఎట్లా వశమైపాయనో," అంది. కంచంలోది తినింది గదా, ఏమీ కాలేదు గదా అని ఒక పెద్దమనిషి నసిగితే, పెట్టేవాళ్ళు విరుగుడు ముందే మింగి పెట్టుకుంటారంది. ఇక ఏ రుజువు చూపించినా ఆమెకు ఎదురే తిరుగుతుందని వదినకు అప్పుడు అర్థమై ఉండాలి. ఆమె అత్తతో వాదించలేదు. మొగుడి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"సదువుకున్నోడివి. డాక్టరు తాకు పోయొచ్చినోడివి. నువ్వన్నా సెప్పప్పా. డాక్టరు ఏమన్న్యాడు?"

అందరూ నా వైపు తిరిగారు. అన్న కూడా. ఎవరైనా ఏదైనా చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది అతని ముఖం. వంగి ఒక కంచం తిప్పితే చాలు. ఎదురుగా పొయ్యి మీద పులుసు ఉంది, నాయన ఉన్నాడు, పెద్దమనుషులు ఉన్నారు.

"నూనె రాయమన్న్యాడు," అన్నాను.

ఆమె "సరే," అని లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయింది. ఆ రోజు బిందెలో నీళ్ళు కూడా లేవు. ఎండిన చెయ్యి కొంగుకు తుడుచుకోవడం చూశాను. రెండో రోజు వాళ్ళ నాయన వచ్చాడు. మూట నెత్తిన పెట్టుకుని ఆమె ఆయన వెనక పామిడి దారి పట్టిందట. అంతకు ముందురోజే నేను అనంతపురం వెళ్ళిపోయాను.

నాయన ఏడాదిన్నర బతికాడు. ఎడమ పక్క పుండ్లు పడ్డాయి. చీమలు పట్టేవి. ఆయనకు తెలిసేది కాదు, తెలిసినవాళ్ళు తుడిచేవాళ్ళు కాదు. ఆకలితోనే పోయాడనుకుంటాను, కంచంలో తిండి పెట్టుకుని. అన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, బిడ్డలు పుట్టారు. నేను పరీక్ష రెండో తరగతిలో పాసయ్యాను. అత్త ఆ మందు కథను చచ్చేదాకా చెప్పింది. ప్రతిసారీ "మా చిన్నోడు కూడా కండ్లారా చూసినాడు" అని నన్ను సాక్షిగా చేర్చేది.

ఆ రోజుల గురించి రాసేటప్పుడు 'అప్పటి అజ్ఞానం' అని ఒక మాట రాసి దాటేయడం మావాళ్ళకు అలవాటు. నేనూ రాశాను. నిజానికి అప్పటికీ ఇప్పటికీ అంత గొప్ప తేడా ఏముంది? ఇప్పుడు ప్రతి పల్లెకూ బస్సుంది, చాలా ఇళ్ళలో కొళాయి ఉంది, పెద్దాయన పంచె ఉతకడానికి నీళ్ళు దొరుకుతాయి. అయినా అప్పుడు కూడా ఒక డాక్టరు ఉన్నాడు. సరిగ్గానే చూశాడు, సరిగ్గానే చెప్పాడు, అర్థమయ్యేలా చెప్పాడు. తెలియాల్సిన మాట ఊళ్ళోకి వచ్చింది. నా నోటి దగ్గర ఆగింది. ఎడమ పక్క కనిపించని నాయన జబ్బుతో నా పనిని పోల్చి రాస్తే అందంగా ఉంటుంది. పోల్చను. ఆయనకు కనపడలేదు. నాకు కనపడింది.

లెక్కల మాస్టారింటి నుంచి వచ్చిన వారానికి కదిరి బస్సెక్కాను. తనకల్లులో దిగి అడుగుతూ పోతే ఆ పల్లె దొరికింది. వాళ్ళ నాయన ఎప్పుడో పోయాడు, తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఇంటి వెనక గోడకు పిడకలు తడుతోంది. జుట్టు నెరిసింది, మనిషి సగమైంది. నన్ను చూసి, "నువ్వా," అని మళ్ళీ పేడ తీసుకుంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. డాక్టరు, బస్సు, తిప్పిన కంచం, మళ్ళీ తిప్పిన కంచం, పంచె మడతలోంచి వచ్చిన ఉండ, ఏదీ వదల్లేదు. ఆమె చెయ్యి ఆగలేదు. నాయన తన పులుసును మెచ్చుకున్నాడని చెప్పినప్పుడు మాత్రం ఒక్క పిడక గోడకు నిలవక జారి పడింది. తీసి మళ్ళీ తట్టింది.

"నేను పెట్టలేదని నాకు తెలుసు గదప్పా," అంది చివరికి. "నాకు తెలిసింది నాకు సెప్పేదానికి ఇంత దూరం వస్తివా?"

తర్వాత నెమ్మదిగా, పోయిన పంట సంగతి చెప్పినట్టు, తన సంగతి చెప్పింది. ఆ మాట ఆమెకన్నా ముందే ఈ ఊరు చేరిందట. పేడ ఎత్తిస్తారు, గుడ్డలు ఉతికిస్తారు, చేన్లో కలుపు తీయిస్తారు. పొయ్యి దగ్గరికి రానివ్వరు. పెళ్ళిళ్ళలో కూరగాయలు కూడా ముట్టనివ్వరు. మొన్నామధ్య తమ్ముడి మనవడు ఏడుస్తుంటే బెల్లం ముక్క చేతిలో పెట్టిందట. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి బిడ్డ గొంతులోకి వేలు పెట్టి కక్కించిందట.

నేను మా ఊరికి పోయి అన్నకు, అందరికీ చెబుతానన్నాను. అది మీ ఊరు, నీ ఇష్టం అంది. ముందు ఇక్కడ చెప్పమంది. పేడ చేతులతోనే ఇంటి ముందరికి పోయి తమ్ముణ్ణి, అతని ఇద్దరు కోడళ్ళను పిలిచింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళను చూడగానే అప్పుడు కూడా ఒక సులువైన దారి వెతికాను. "వదినా, నీ చేత్తో ఇంత సంగటి పెట్టు. వీళ్ళందరి ముందర తింటా," అన్నాను.

"నువ్వు తింటే నాకేమొస్తాదప్పా," అంది. "నీ నోటితో నాకు కావాల్సింది తినేది కాదు, సెప్పేది."

చెప్పాను. చేతులు కట్టుకుని, వాళ్ళ ముఖాలు చూస్తూ చెప్పాను. "ఈమె మా నాయనకు ఏ మందూ పెట్టలేదు. ఆయనకు మెదడు దెబ్బతిని ఎడమ పక్క తెలీకుండా పాయ. అందుకే ఈమె పెట్టింది తినలేదు. డాక్టరు ఈ మాట నాకు సెప్పినాడు, అందరికీ సెప్పమన్న్యాడు. నాయనకు సాకిరీ చేయాల్సొస్తాదని నేను దాచిపెట్టినా. పదిమందిలో ఈమె నన్ను అడిగింది. అప్పుడూ సెప్పలేదు. ఈమె బతుకు చెడగొట్టింది నేను. వదినా, తప్పు నాది."

వెనక వరసలో, చంకలో బిడ్డను ఎత్తుకున్న చిన్న కోడలు పక్కామెను ఏదో అడిగింది. వదిన అటు చూసి, నా వైపు తిరిగింది.

"ఆ యమ్మికి సరిగ్గా ఇనపడలేదంట. మళ్ళా సెప్పు," అంది.

మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.